డిమెన్షియా ఉన్న ఇంట దంపతుల దినచర్య: నెల్లూరు తీరం

జ్ఞాపకం, ఆలోచన, మాట, దిక్కూ కాలమూ తెలియడం, ఒక పనిని వరుస తప్పకుండా చేయడం వంటి మెదడు శక్తులు క్రమంగా సన్నగిల్లి, మనిషి నిత్యజీవితం ఇతరుల సాయం లేనిదే సాగని స్థితికి చేరడాన్ని వైద్యశాస్త్రం డిమెన్షియా అంటుంది. ఇది ఒకే వ్యాధికి పెట్టిన పేరు కాదు. మెదడు కణాలు నశించడం వల్ల వచ్చే అల్జీమర్స్ వ్యాధి, మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా, లేనివి కళ్లకు కనిపించడం ఒక ముఖ్య లక్షణంగా ఉండే లూయీ బాడీ డిమెన్షియా, నడవడికే ముందుగా మారిపోయే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా దీని కిందికి వస్తాయి. వీటిలో అల్జీమర్స్ వాటా 60 నుంచి 70 శాతం దాకా ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వర్ణించిన ఈ వ్యాధికి పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి, అంతే. అందుచేత రోగనిర్ధారణ జరిగిన నాటి నుంచి ముందున్న ఏళ్లు ఎలా గడుస్తాయన్నది ఎక్కువగా ఇంట్లోనే, చాలాసార్లు భార్యాభర్తల మధ్యనే, తేలే విషయం.

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ఒకటి అంచనా కట్టింది. పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఇది ఎక్కువగా ఉందని అదే అధ్యయనం తేల్చింది. రోగి అంటే భర్త, చూసుకునేది భార్య అనుకునే అలవాటుకు ఈ లెక్క ఎదురు నిలుస్తుంది. భర్తలు వయసులో పెద్దవారు కావడం వల్ల జబ్బు పడే నాటికి చాలామంది స్త్రీలు వితంతువులై పిల్లల పంచన ఉంటారన్నది నిజమే అయినా, జీవితమంతా వంటింటి గడప దాటి లోపలికి రాని పురుషుడు డెబ్బై ఏళ్ల వయసులో భార్యకు స్నానం చేయించి అన్నం కలిపి పెట్టవలసి వచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి, ఇకముందు పెరుగుతాయి.

తీరమూ కుటుంబమూ

నెల్లూరు జిల్లా తూర్పు అంచున కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలు సముద్రాన్ని ఆనుకొని ఉన్నాయి. ఒడ్డున పట్టపు మత్స్యకారుల పాలేలు, వాటి వెనుక రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ, ఆ వెనుక పెన్నా నీటితో పండే వరి మాగాణి, వాటి మధ్య యానాదుల కాలనీలు ఈ నేల స్వరూపం. చెన్నై కొద్ది గంటల ప్రయాణ దూరంలో ఉండటం, బెంగళూరు, హైదరాబాదు, గల్ఫ్, అమెరికా దారులు తెరుచుకోవడం వల్ల చదువుకున్న పిల్లలు బయటికి వెళ్లగా ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు ఊరూరా కనిపిస్తారు. పాలేలలోనూ కాలనీల్లోనూ పిల్లలు పక్కనే ఉన్నా, తెల్లవారకముందే వేటకో కూలికో వెళ్లిపోతారు కనుక పగటిపూట పరిస్థితిలో పెద్ద తేడా ఉండదు.

ఆస్తితో పాటు తల్లిదండ్రులనూ పంచుకొని నెలకో ఇంటికి తిప్పే వంతుల ఏర్పాటు, లేదా తండ్రిని ఒక కొడుకు, తల్లిని మరొక కొడుకు ఉంచుకునే ఏర్పాటు తెలుగునాట కొత్త కాదు. డిమెన్షియా ఉన్నవారికి ఇంతకన్నా కీడు చేసే పద్ధతిని ఊహించడం కష్టం. కొత్త విషయాన్ని గుర్తుంచుకునే శక్తి పోయిన మనిషికి మరుగుదొడ్డి ఏ వైపు ఉందో, నీళ్లకుండ ఎక్కడుందో పాత ఇంట్లో కాళ్లకే తెలుస్తుంది. ఇల్లు మారిన ప్రతిసారీ ఆ తెలివి మొత్తం పోతుంది. జీవిత భాగస్వామిని కూడా వేరుచేస్తే, ఆ మనిషి సగంలో ఆపిన మాటను పూర్తిచేయగల, చేతి సైగను బట్టి ఆకలో అవసరమో చెప్పగల ఒకే ఒక్కరు దూరమవుతారు.

గుర్తింపు

వయసు మీద పడ్డాక వచ్చే మరుపును ఇంట్లోవారు చాదస్తమని తేలిగ్గా తీసుకోవడం వల్ల నిర్ధారణ ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది. దూరపు బంధువు పేరు వెంటనే తట్టకపోవడం వయసుతో సహజం. కానీ నలభై ఏళ్లుగా వండుతున్న చేపల పులుసులో ఏది ముందు ఏది వెనుకో తేల్చుకోలేకపోవడం, రోజూ వెళ్లే అంగడి నుంచి ఇంటికి దారి తెలియకపోవడం, చేతిలోని చిల్లరను పదేపదే లెక్కపెట్టి కూడా ఒక లెక్కకు రాలేకపోవడం వైద్యుడికి చూపించవలసిన లక్షణాలు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, కుంగుబాటు, కింద పడినప్పుడు పుర్రె లోపల చేరిన రక్తం వంటి సరిచేయదగిన కారణాలు కూడా మతిమరుపు రూపంలోనే బయటపడతాయి కాబట్టి, మొదటి పరీక్షలు వీటిని వెతకడానికే చేస్తారు. నిన్నటిదాకా ఉన్న స్థితి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా దిగజారితే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు; మూత్రనాళ ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు, సోడియం తగ్గడమో కావచ్చు. రోహిణీ కార్తె ఎండల్లో దాహం వేస్తున్న సంగతే మరిచిపోయే ముసలివారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గంట గంటకూ గ్లాసెడు మజ్జిగో నీళ్లో చేతికి అందించడం అక్కడ వైద్యంతో సమానం.

పెన్నా ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ ఆలయానికి మనోవ్యాధులున్నవారిని తీసుకువచ్చి అక్కడ నిద్ర చేయించే ఆచారం చాలా పాతది. మతి తప్పిన పెద్దవారిని కూడా అదే నమ్మకంతో తీసుకువెళ్లే కుటుంబాలు ఉంటాయి. అక్కడ దంపతులకు దొరికే ధైర్యాన్ని తీసిపారేయనక్కర్లేదు. గుడి పేరు చెప్పి ఆస్పత్రిని వాయిదా వేయడంలోనే నష్టం ఉంది.

చదువుకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం నెల్లూరు విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. చిన్ననాటి చదువు లేకపోవడం డిమెన్షియా ముప్పును పెంచే కారణాలలో ఒకటి. మధుమేహం, రక్తపోటు, పొగతాగడం, చెవుడు, అతిగా మద్యం తాగడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇలాంటి 14 కారణాలను అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వెనక్కి నెట్టడమో వీలవుతుందని లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడులు, దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక పోరాటానికి ఊపిరి పోశాయి. ఆనాడు ముప్పై నలభై ఏళ్ల వయసులో పలక పట్టిన ఆ తరమే ఇప్పుడు ఈ వ్యాధి వచ్చే వయసులో ఉంది. ఇలాంటివారిని గడియారం బొమ్మ గీయమనో, వంద నుంచి ఏడేసి తీసివేయమనో అడిగి, చేయలేకపోతే మతి పోయిందని తేల్చడం తప్పు. అందుకే బడిచదువు తక్కువగా ఉన్నవారికి తగ్గట్టు తెలుగులో మలిచిన పరీక్షలు అవసరమయ్యాయి. నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని, అక్షరం రానివారిలోనూ ఈ తేడా ఉందని చూపింది. తెలుగుతో పాటు తమిళమో ఉర్దూనో ధారాళంగా వచ్చినవారు ఈ జిల్లాలో తక్కువ మంది కారు.

పని ఎందుకు మిగులుతుంది

నిన్న ఎవరు వచ్చారు, ఇందాక ఏం తిన్నాం అన్న సంఘటనల జ్ఞాపకం అల్జీమర్స్‌లో మొట్టమొదట దెబ్బతింటుంది. ముడి వేయడం, బియ్యం చెరగడం, చీర కుచ్చిళ్లు పోయడం వంటి, ఏళ్ల తరబడి చేసి చేసి చేతికి అలవాటైన నేర్పు మెదడులో వేరే చోట్ల ఆధారపడి ఉంటుంది కనుక చాలాకాలం నిలుస్తుంది. డిమెన్షియా ఉన్నవారి దినచర్యకు సంబంధించిన ఆధునిక ఆలోచన అంతా దాదాపు ఈ తేడా మీదే నిలబడింది. జబ్బు వెనుక మనిషి మిగిలే ఉంటాడని, చుట్టుపక్కలవారి ప్రవర్తనే అతన్ని మరింత కుంగదీయగలదని బ్రిటన్‌కు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో రాసిన గ్రంథంలో వాదించాడు. మిగిలి ఉన్న సామర్థ్యాన్ని, పాత అభిరుచిని కొలిచి ఒక్కొక్కరికీ తగిన పనిని రూపొందించి, దాన్ని ఇంట్లోవారికి నేర్పే పద్ధతిని అమెరికాలో లారా గిట్లిన్ అభివృద్ధి చేసింది. చిన్న బృందాలను కూర్చోబెట్టి మాటలు, ఆటలు, వస్తువుల ద్వారా ఆలోచనను కదిలించే 14 సమావేశాల పద్ధతి బ్రిటన్‌లో పుట్టి, చెన్నైలో భారతీయ పరిస్థితులకు అనుగుణంగా మారింది. దంపతులిద్దరూ కలిసి తమ జీవితకథను ఫొటోలతో, జ్ఞాపకాలతో పుస్తకంగా కూర్చుకునే పద్ధతి మిచిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది.

ఈ సిద్ధాంతాలకు తెలుగు ఇళ్లలో ఎదురయ్యే అడ్డంకి నిర్లక్ష్యం కాదు, గౌరవం. పెద్దవారిని పని చేయనివ్వకపోవడమే మర్యాద అన్న భావన వల్ల, "నువ్వు కూర్చో నాయనా, మేం చూసుకుంటాం" అన్న మాటతో ఒక్కొక్క పనీ చేతిలోంచి తీసేస్తారు. సంవత్సరం తిరిగేసరికి ఆ మనిషి పొద్దస్తమానం అరుగు మీద ఊరికే కూర్చుంటాడు, పగలు కునికి రాత్రి మేలుకుంటాడు, చీటికీమాటికీ లేచి వీధిలోకి నడుస్తాడు. జబ్బు ముదిరిందని ఇంట్లోవారు అనుకునే లక్షణాల్లో కొన్ని నిజానికి ఆ ఖాళీతనం తెచ్చిపెట్టినవే. కాబట్టి సంరక్షణలో మొదటి అడుగు కొత్త వ్యాపకాన్ని తెచ్చిపెట్టడం కాదు. దంపతులు అంతవరకు పంచుకుంటూ వచ్చిన పనిలో, రెండో మనిషి వాటాను తుడిచిపెట్టకుండా చిన్నది చేసి ఉంచడం. ఒకరు చేయించడం, మరొకరు చేయడం కాకుండా ఇద్దరూ చేసేదిగా పని ఉన్నంతకాలం అది చికిత్సలా అనిపించదు, సంసారంలాగే సాగుతుంది.

ఇంటి పనులు, తీరపు పనులు

పాలేలలో వయసుడిగి వేట మానుకున్న పురుషులకు మిగిలే పని వల బాగుచేయడం. చిరుగు ఉన్నచోట వలను బిగువుగా కట్టుకొని, వల సూదికి దారం చుట్టి, కన్ను కొలతకు చిన్న చెక్కముక్క ఆధారంగా పెట్టుకొని ముడి తర్వాత ముడి వేసుకుంటూ పోవడం ఆ పని క్రమం. డిమెన్షియా తొలి, మధ్య దశల్లో ముడి వేయడం వేళ్లకు చాలాకాలం గుర్తుంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, చిరుగు అంచును ఎంతమేర కోసి సరిచేయాలి అన్న నిర్ణయమే ముందు తప్పుతుంది. అంచు కోసి, మొదటి వరుస వేసి, సూది చేతికిచ్చి పక్కన కూర్చునే భార్యో కొడుకో ఉంటే పని గంటసేపు సాఫీగా సాగుతుంది. సముద్రం మీదికి పోయే వలలో తప్పుముడి నష్టం తెస్తుంది కాబట్టి కోళ్ల గూటికో కూరపాదుకో కట్టే పాత వలను ఇవ్వడం మేలు. పనికిరాని ముక్కనిచ్చి ఊరికే ఆడిస్తున్నారని తెలిస్తే మాత్రం ఆ పెద్దాయన సూది పడేసి లేచిపోతాడు. అతనికి పోయింది జ్ఞాపకమే గాని రోషం కాదు.

వంటలో ఇదే విభజన మరో రూపంలో పనికివస్తుంది. నెల్లూరు చేపల పులుసులో చేపను శుభ్రం చేయడం, చింతపండు నానబెట్టి పిసకడం, మామిడికాయ ముక్కలు కోయడం, ఉల్లిపాయ వేయించడం, పులుసు మరిగించడం వేర్వేరు పనులు. వీటిని వరుసలో పెట్టడమే కష్టం గాని, విడివిడిగా ఒక్కొక్కటీ కష్టం కాదు. కత్తిపీటనూ గ్యాసు పొయ్యినీ ఆరోగ్యంగా ఉన్నవారు తీసుకొని, ముక్కలను ఉప్పు పసుపు వేసి కడగడం, చింతపండు పిసికి పిప్పి తీయడం రెండో వారికి వదిలితే వంట ఇద్దరిదీ అవుతుంది. అల్జీమర్స్‌లో వాసన తెలిసే శక్తి తొలిదశలోనే తగ్గుతుంది కనుక అన్నం మీద ఇష్టం పోతుంది. మరుగుతున్న పులుసు దగ్గర కూర్చోబెట్టడం వల్ల భోజనవేళ అయిందని గడియారం అవసరం లేకుండా తెలియడంతో పాటు ఎంతో కొంత ఆకలి పుడుతుంది. జబ్బుపడింది భార్య అయి, వంట రాని భర్త గరిటె పట్టుకున్న ఇంట్లో పాత్రలు తారుమారవుతాయి. ఏ డబ్బాలో ధనియాల పొడి ఉందో ఆమె పేరు పెట్టి చెప్పలేకపోయినా చేయి నేరుగా ఆ డబ్బా మీదికి వెళ్తుంది. ఉప్పు ఎంత వేయాలన్నది మాత్రం ఆమెను అడగడం మంచిది కాదు, ఎందుకంటే వేసిన సంగతి మరిచి మళ్లీ వేస్తుంది.

కూర్చున్నచోటే చేసే పనులకు మాగాణి ఊళ్లలో కొదవ లేదు. చేటలో బియ్యం పోసి రాళ్లు, వడ్లు ఏరడం, చిక్కుడుకాయ ఈనె తీయడం, కొత్త చింతపండు గింజ తీయడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, వత్తులు చేయడం ఇలాంటివి. పూలు కట్టడం వీటన్నిటిలోకీ నిదానించి చూడదగినది. దారం కొసను కాలి బొటనవేలికి తగిలించి, రెండు మల్లెమొగ్గలు ఒక వైపు, రెండు మరో వైపు పెట్టి ముడి బిగించడం చిన్ననాడే నేర్చుకున్న స్త్రీకి కళ్లు మూసినా వస్తుంది. రాశిగా పోసిన పూలలోంచి నాలుగు ఎంచుకోవడం దగ్గర ఆమె ఆగిపోతుంది. భర్త ఎదురుగా కూర్చొని రెండేసి మొగ్గలు జతచేసి అందిస్తూ ఉంటే దండ సాగుతుంది; అందించే వేగమే కట్టే వేగం. ముగ్గు విషయంలోనూ అంతే. చుక్కల లెక్క తప్పిపోయిన తర్వాత చుక్కలు పెట్టడం మరొకరు తీసుకోవచ్చు, అదీ కుదరనప్పుడు గీతల ముగ్గుకు మారవచ్చు. వంకరపోయిన ముగ్గును ఆమె కళ్లెదుటే చెరిపి దిద్దడం ఒక్కటి మానుకోవాలి.

పని చేయించే తీరులో సూత్రాలు కొద్దే ఉన్నాయి. ఒకసారికి ఒకే మాట చెప్పడం, చెప్పడంకన్నా చేసి చూపడం, వెనుక నుంచి పిలవకుండా ఎదురుగా వచ్చి మాట్లాడటం, టీవీ ఆపడం, అలసట కనిపించగానే పనిని అక్కడితో వదిలేయడం అందరూ ఒప్పుకొనేవి. "నేనెవరో చెప్పు చూద్దాం", "పొద్దున ఏం తిన్నావు" అంటూ వచ్చినవారల్లా పరీక్ష పెట్టడం మన బంధువర్గంలో బాగా పాతుకుపోయిన అలవాటు. జ్ఞాపకాన్ని అది కాస్త కూడా బాగుచేయకపోగా, జవాబు రాని సిగ్గుతో మనిషి మాట్లాడటమే మానేస్తాడు. ఇంటికి వచ్చినవారు తమంతట తాము "నేను మీ చిన్నమ్మాయి పెనిమిటిని మామా" అని చెప్పుకుంటే సరిపోయే పని అది.

స్నానం, బట్టలు, మరుగుదొడ్డి విషయాల్లో దంపతులకు మిగతా సంరక్షకులకు లేని వెసులుబాటు ఉంటుంది, కానీ అది శాశ్వతం కాదు. భర్తను తండ్రిగానో, భార్యను పరాయి మనిషిగానో పొరబడే దశ వచ్చినప్పుడు బట్టలు విప్పబోయే చేతిని తోసేయడం, కొట్టడం కూడా జరుగుతాయి. ఆ సమయానికి అక్కడి నుంచి తప్పుకొని కాసేపాగి మళ్లీ ప్రయత్నించడం, చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకుండా గోరువెచ్చని నీళ్లు కాళ్ల మీద మొదలుపెట్టడం, చీరకు బదులు ముందువైపు తెరుచుకునే నైటీ తొడగడం పనిని సులువు చేస్తాయి.

సాయంత్రాలు, పాటలు, బయటి నడక

పొద్దు వాలే వేళకు కంగారు, అనుమానం, తిరుగుడు పెరగడం డిమెన్షియాలో తరచుగా కనిపించే లక్షణం. సొంత ఇంట్లో కూర్చొని "ఇంటికి పోదాం పద" అని అడగడం దాని ప్రసిద్ధ రూపం. ఇదే ఇల్లని వాదించడంకన్నా, సరేనని చెప్పులు వేసుకొని వీధి చివరిదాకా వెళ్లి తిరిగి రావడం నయం. చీకటి పడకముందే దీపాలు వేసి, రోజూ ఒకే వేళకు ఒకే వ్యాపకం పెట్టుకోవడం కూడా ఉపయోగపడుతుంది. ఆ వ్యాపకాల్లో పాటకు సాటి లేదు. మాట బాగా తగ్గిపోయినవారు కూడా చిన్నప్పటి నుంచి పాడిన పాటను పదాలతో సహా అందుకోవడం వైద్యులు ఎరిగిన విషయమే. ఘంటసాల పాటలు, పౌరాణిక నాటక పద్యాలు, భజన కీర్తనలు, 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ అడుగుపెట్టిన నెల్లూరు క్రైస్తవ ఇళ్లలోనైతే సంఘంలో పాడే కీర్తనలు, ఇవన్నీ ఇందుకు పనికివస్తాయి. ఏ పాట అన్నది పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఏది విన్నారో దాన్ని బట్టి భాగస్వామికే బాగా తెలుస్తుంది. నమాజు, పూజ, ప్రార్థన వంటివి మాటలకన్నా ఒంటి కదలికలతో గుర్తుండేవి కనుక చాలా ఆలస్యంగా చెదురుతాయి. ఆటల్లో వామనగుంటలు మంచిది. గింజలు చేతికి తగులుతాయి, లెక్క తప్పినా ఆట ఆగదు.

మైపాడు, కోడూరు వంటి ఒడ్డుల్లో పొద్దున్నే నడవడం ఇద్దరికీ వ్యాయామం. కానీ దారితప్పే అలవాటున్నవారికి ఈ నేలలో ప్రమాదాలు ఎక్కువ. కంచె లేని రొయ్యల గుంటలు, కాలువ కట్టలు చాలా ఊళ్లకు నడిచి చేరగల దూరంలో ఉన్నాయి; కొన్నిటికి పదహారో నంబరు జాతీయ రహదారి కూడా. చొక్కా జేబు లోపల ఫోను నంబరు కుట్టించడం, ఇటీవలి ఫొటో ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం, ఆటోస్టాండులోనూ టీకొట్టులోనూ విషయం దాచకుండా చెప్పి ఉంచడం ఇక్కడి జాగ్రత్తలు. పరువు పోతుందని దాచిన ఇంటి పెద్దాయన తప్పిపోయినప్పుడు వెతికేవారు కూడా తక్కువే ఉంటారు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా రొట్టెల పండుగ వంటి జనసమ్మర్దానికి మధ్య దశ దాటినవారిని తీసుకువెళ్లకపోవడమే క్షేమం.

తుపాను రోజులు

ఈ తీరంలో దినచర్యను ఒక్కపెట్టున తలకిందులు చేసేది వాయుగుండం. 1984 నవంబరు, 1989 నవంబరు తుపాన్లు, 2015, 2021 నవంబరు వరదలు జిల్లాకు బాగా గుర్తున్నవి. తరలింపు కబురు వచ్చినప్పుడు డిమెన్షియా ఉన్నవారు ఇల్లు కదలమని మొండికేస్తారు. పునరావాస కేంద్రంలో కొత్త ముఖాలు, రొద, కరెంటు లేని రాత్రి వారి అయోమయాన్ని పెంచుతాయి. పాత తుపాను జ్ఞాపకం ఇప్పటి గాలితో కలగలిసి, ఎప్పుడో పెరిగి పెద్దవారైన పిల్లలను పసివాళ్లనుకొని వెతుక్కుంటూ వానలోకి వెళ్లిపోయే అవకాశం కూడా ఉంది. చివరి నిమిషందాకా ఆగకుండా పగటి వెలుతురులోనే, నడక బాగున్న వేళలో బయలుదేరడం, మందులతో పాటు వాటి చీటీలు, రోజూ కప్పుకునే దుప్పటి, రోజూ తాగే గ్లాసు వెంట తీసుకువెళ్లడం, హాలు మధ్యలో కాక గోడవారన చోటు అడిగి తీసుకోవడం మేలు చేస్తాయి. కేంద్రాల్లో ఆడవారినీ మగవారినీ వేర్వేరు గదుల్లో పడుకోబెట్టే చోట ఇలాంటి దంపతులను విడదీయకూడదు. ఊరి ఆశా కార్యకర్తలకు ఈ ఒక్క సంగతి ముందుగా తెలిసి ఉంటే సగం ఇబ్బంది తప్పుతుంది.

చూసుకునే భాగస్వామి

జీవిత భాగస్వామిని చూసుకునేవారు తామూ ముసలివారే, తరచుగా తామూ రోగులే. సంరక్షణ భారంతో ఒత్తిడికి లోనైన వృద్ధ భార్యాభర్తల మరణ ముప్పు, అలాంటి భారం లేనివారికన్నా నాలుగేళ్లలో 63 శాతం ఎక్కువగా ఉన్నట్టు 1999లో వెలువడిన అమెరికన్ అధ్యయనం ఒకటి చూపింది. రాత్రి నిద్ర లేకపోవడం, తన బీపీ మాత్రలు తానే మరిచిపోవడం, మనిషిని ఎత్తి దించడంలో నడుము పట్టేయడం ఇందులో కనిపించే భాగం. కనిపించని భాగం మరొకటి ఉంది. మనిషి ఎదుటే ఉండి, తనను గుర్తించకపోవడం వల్ల కలిగే దుఃఖానికి కర్మకాండ ఉండదు, పరామర్శకు వచ్చేవారు ఉండరు. అమెరికన్ పరిశోధకురాలు పాలీన్ బాస్ దీనినే తేలని వియోగంగా వర్ణించింది. దీనికి తోడు డబ్బు కాజేశావని, పరాయివారితో తిరుగుతున్నావని రోగి నింద వేయడం జబ్బులో భాగమే అయినా, యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి నోట విన్నప్పుడు ఆ సంగతి గుర్తుండదు.

సేవ చేసే భార్యను మహా ఇల్లాలని పొగడటం తెలుగు బంధువర్గానికి సులువు. ఆ పొగడ్త చాలాసార్లు సాయం చేయకుండా తప్పుకోవడానికి దారి అవుతుంది. భర్త చూసుకుంటుంటే ఆశ్చర్యపోయి చేతనైన సాయం చేసేవారు, అదే పని భార్య చేస్తుంటే ధర్మమని ఊరుకుంటారు. వారానికి ఒక పూట మరొకరు వచ్చి కూర్చుంటే ఆమె గుడికో సంతకో తన వైద్యానికో వెళ్లగలదు. దూరాన ఉన్న పిల్లలు బ్యాంకు పని, మందుల ఆర్డరు, డాక్టరు అపాయింట్‌మెంటు ఫోను మీద పూర్తిగా తమ నెత్తిన వేసుకోవచ్చు. గోవాలో 81 కుటుంబాలతో జరిగి 2008లో ప్రచురితమైన ప్రయోగంలో, స్థానికులకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపి సలహా ఇప్పించడం వల్ల సంరక్షకుల మానసిక స్థితి మెరుగుపడింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగే ఆంధ్ర పల్లెలకు అది దగ్గరి నమూనా.

వ్యాధి చివరి దశలో నడక, మాట, మింగడం ఒక్కొక్కటిగా పోతాయి. పనిలో పాలుపంచుకోవడం అప్పుడు తలకు నూనె రాయడం, జుట్టు దువ్వడం, చేతిలో చేయి వేసి పాట వినిపించడం వరకు కుదించుకుపోతుంది. ఆహారాన్ని మెత్తగా గుజ్జుగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా పెట్టి, తిన్న వెంటనే పడుకోబెట్టకుండా ఉండటం ఊపిరితిత్తుల్లోకి మెతుకులు పోయే ప్రమాదాన్ని తగ్గిస్తుంది.

సహాయం, చట్టం

1992లో కేరళలోని కున్నంకుళంలో మొదలైన భారతీయ అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులో శాఖ ఉంది. వృద్ధుల కోసం 14567, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీమానస్ 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, పూర్తిగా మంచానపడినవారికి 15,000 రూపాయలు. ఉద్యోగ పింఛనుదారులు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇంటి వద్దనే వేలిముద్రతోనో ముఖ గుర్తింపుతోనో పూర్తిచేయవచ్చు. వీలునామా, ఉమ్మడి ఖాతా, నామినీ పేర్లు తొలిదశలోనే, సంతకం చేసే మనిషికి విషయం తెలిసి ఉన్నప్పుడే తేల్చుకోవాలి. భారతీయ చట్టంలో సాధారణ అధికార పత్రం, అంటే జీపీఏ, ఇచ్చిన వ్యక్తి మతి కోల్పోయాక చెల్లదు కాబట్టి, ఆలస్యమైతే భార్య అయినా భర్త అయినా సంరక్షకుడి హోదా కోసం కోర్టుకు వెళ్లవలసి వస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, తనకు ఎలాంటి చికిత్స కావాలో ముందుగా రాసిపెట్టుకొనే, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకొనే హక్కు ఉంది. ఆ ప్రతినిధిగా జీవిత భాగస్వామితో పాటు, వారికి ఏమైనా అయితే నిలబడేందుకు పిల్లల్లో ఒకరి పేరు కూడా రాయించుకోవడం మంచిది.